సోమన్న మాస్టారి హెడ్‌సెట్

హెడ్‌సెట్ స్విచ్ కట్టేసినప్పుడు చెవిలో టిక్‌మని చిన్న శబ్దం వస్తుంది. విశాఖపట్నంలోని మా ఆఫీసులో రోజుకు పదిసార్లు వినేదే. మొన్న మధ్యాహ్నం మాత్రం అది వినగానే నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. సోమన్న మాస్టారు గుర్తొచ్చారు.

ఆయనది పెదబయలు దగ్గర ఒక కొండ ఊరు. పదో తరగతిలో జ్వరం వచ్చి చూపు పోయింది. రెండువేల ఎనిమిది ప్రాంతంలో, కొండ పిల్లల కోసం ఒక చిన్న సంస్థ అరకులో పెట్టిన కేంద్రంలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామే ఆయనకు కళ్లు. ఆ గొంతు పిల్లలకు అడ్డం కాకుండా, బెంచీల మధ్య తిరగడానికి వీలుగా, ఎవరో ఇచ్చిన వైర్‌లెస్ హెడ్‌సెట్ పెట్టుకునేవారు. డిగ్రీ అయ్యాక నేను టైడా నుంచి రైల్లో వచ్చి ఆయన దగ్గర నేర్చుకునేదాన్ని. ఒకరోజు నా వెనక ఆగి, "ఏటి సేత్తన్నావు మంగా?" అన్నారు. ప్రోగ్రాం రాస్తున్నానన్నాను. "రాయడం కాదు, సూసి దించుతున్నావు. ఆలోచించినోళ్ల కీలు ఆగి ఆగి మోగుతాయి." నిజమే. ఆ తర్వాత ఆయన దగ్గర నేనెప్పుడూ దించలేదు.

సంస్థ పెద్దలు కేంద్రాన్ని చూడటానికి వచ్చిన రోజున ఆయన్ను ఒక ఉత్తరం టైప్ చేయమన్నారు. సగంలో హెడ్‌సెట్ బ్యాటరీ అయిపోయింది. దాని రిసీవర్, వేలెడంత ముక్క, కంప్యూటర్‌కు గుచ్చే ఉంది కాబట్టి హెడ్‌సెట్ కూడా ఉన్నట్టే లెక్కేసి, కంప్యూటర్ గొంతును దానికే పంపుతోంది. మాస్టారికి ఏమీ వినబడలేదు. తెర ఆగిందేమోనని ఏవో కీలు నొక్కారు. రాసిన ఉత్తరం కాస్తా చెరిగిపోయింది. వచ్చినవాళ్లలో ఒకాయన మెల్లగా, "చూపున్నవాళ్లను పెట్టుకుంటే మీకూ శ్రమ తగ్గుతుంది కదండీ" అన్నాడు. మాస్టారు చెవుల మీది హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టారు. "రెండు నెలలు ఆగండి. తప్పెక్కడుందో చూపిస్తాను. చూపించలేకపోతే నేనే వెళ్లిపోతాను."

వాళ్లు వెళ్లాక నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఏడవడం తరవాత. బేగి రా. ఇది ఆగినప్పుడు రిసీవరుకు ఏటి సెప్తందో సూడాల."

పరికరాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి మాట అందించే లోపలి భాగాన్ని కెర్నెల్ అంటారు. మేము వాడేది లైనక్స్ కాబట్టి దాన్ని తెరిచి చూసుకునే వీలుంది. ఆయన స్విచ్ వేస్తూ తీస్తూ ఉంటే, రిసీవర్ నుంచి వస్తున్న అంకెలను నేను పైకి చదివేదాన్ని. మూడు రోజులు అదే పని. నా కళ్లు ఎర్రబడ్డాయి గాని ఏమీ పట్టుకోలేకపోయాను. పట్టుకున్నది ఆయన చెవులే. "ఆగు. కట్టీసినప్పుడల్లా అయిదో అంకె సున్నా అవుతంది. ఏసినప్పుడు ఒకటి." హెడ్‌సెట్ తన సంగతి ప్రతిసారీ చెబుతూనే ఉంది. కెర్నెల్ దాన్ని విని పారేస్తోంది.

ఆ అంకెను పారేయకుండా, ఏ ప్రోగ్రామైనా చదువుకునేలా ఒక చిన్న ఫైలులో పెట్టాలి. అది సున్నా కాగానే గొంతు స్పీకర్‌కు మళ్లాలి. చెప్పినంత తేలిక కాలేదు. నేను రాసిన మార్పులతో కంప్యూటర్ ఎన్నిసార్లు మొరాయించిందో! ప్రతిసారీ ఆయన అడిగేది ఒకటే: "ఈసారి ఎక్కడి దాకా ఎల్లింది?" ఎంత దూరం వెళ్లిందో చెప్పేలోపే తర్వాతి అడుగు నాకు తోచేది.

రెండు నెలలకు పెద్దలు మళ్లీ వచ్చారు. మాస్టారు ఉత్తరం మొదలుపెట్టి, "నా హెడ్‌సెట్ మీకు ఇష్టమొచ్చినప్పుడు ఆపేయండి" అని, చూపున్నవాళ్లను పెట్టుకోమన్న పెద్దాయననే పిలిచారు. ఆయన మొహమాటపడుతూనే స్విచ్ కట్టేశాడు. మరుక్షణం గొంతు స్పీకర్లోంచి గదంతా వినిపించింది. మాస్టారు ఆగకుండా ఉత్తరం పూర్తిచేసి, కింద సంతకానికి చోటు వదిలారు. ఆ తర్వాత ఆయన ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు.

అందరికీ పనికొస్తుందని ఆ మార్పును కెర్నెల్ చూసుకునేవాళ్లకు పంపాము. ఒక్క హెడ్‌సెట్ కోసం వేరే దారి వేయలేమని, అన్ని పరికరాలకూ సరిపోయేలా రాయమని జవాబొచ్చింది. నేను ఊరుకుందామన్నాను. "కాదన్నోడు ఎందుకు కాదో కూడా సెప్పినాడు కదా. అలాటోడు దొరకడమే అదురుష్టం. మళ్లీ రాయి," అన్నారు. రాశాను. పంపే ముందు ఆయనకు చదివి వినిపిస్తే ఒకచోట ఆపారు. "కంప్యూటర్ అప్పుడే లేచింది. హెడ్‌సెట్ ఇంకా నోరు తెరవనేదు. అప్పుడు నీ ఫైలు ఏటంటాది?"

"ఉందనే అంటుంది, మాస్టారూ."

"ఎవులు సెప్పినారు దానికి?"

ఉంది, లేదు అన్న రెండు మాటల పక్కన 'ఇంకా తెలియదు' అనే మూడో మాట ఆరోజే చేర్చాను.

రెండోసారి రాసినదాన్నీ వాళ్లు కెర్నెల్‌లో చేర్చుకోలేదు. చాలా ఏళ్లకు అలాంటి ఏర్పాటు వేరేవాళ్ల చేతుల మీదుగా వచ్చింది. అప్పటికి మాస్టారు లేరు. నా పని ఇప్పుడూ కెర్నెల్‌తోనే. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు రాసి తెచ్చినవి చూస్తాను. పరికరం ఇంకా ఏమీ చెప్పకముందే, ఖాళీగా ఉంచలేక ఎవరైనా 'ఉంది' అని నింపితే, ఎవరు చెప్పారని అడుగుతాను. మీటింగుల్లో నన్నడిగినప్పుడు, తెలియనిది తెలియదనే చెబుతాను. చెప్పి, తెలుసుకోవడానికి కుర్చీ లాక్కుని కూర్చుంటాను.