రెండు గొడుగుల సుంకప్ప

సుంకప్పకు ఏదైనా రెండుండాలి. చేతికి రెండు గడియారాలు, జేబులో రెండు ఫోన్లు, ప్యాంటుకు బెల్టు, ఆ బెల్టు మీద నమ్మకం లేక లోపల ఒక తాడు. భుజాన వేలాడే సంచిలో రెండు గొడుగులు. అనంతపురంలో ఒక్క గొడుగు పట్టుకుని తిరిగేవాణ్ణే జనం ఆగి చూస్తారు. "రెండెందుకన్నా?" అంటే, అడిగినవాడికి బుర్ర లేదన్నట్టు చూసి, "ఒకటి పోతే?" అంటాడు.

తన పెళ్ళికి ఇద్దరు పురోహితుల్ని మాట్లాడాడట. ఇద్దరూ వచ్చి, ఒకరి మంత్రాన్ని ఒకరు తప్పుపడుతూ ముహూర్తం దాటించారట.

"మీ ఇంటామె మాత్రం ఒకతే ఎట్లొచ్చె సారూ?" అని ఆఫీసు ఊడ్చే గంగక్క ఆటపట్టిస్తుంది.

"ఆమె ఒకతే ఇద్దరి పెట్టులే గంగక్కా!"

ఊరూరి వాన లెక్కలు భద్రపరిచే ఆఫీసులో సుంకప్ప సర్వర్ల ఇంజినీరు. మా జిల్లా వాన లెక్కలంటే ముప్పాతిక వంతు సున్నాలే. ఆ సున్నాలను కాపాడడానికి అతను రెండు సర్వర్లు పెట్టాడు. ఒకటి పనిచేస్తుంటే రెండోది దాని ముఖం చూస్తూ కూర్చుంటుంది. మొదటిది ఆగిందా, రెండోది ఆ క్షణమే పని అందుకుంటుంది. లెక్కలన్నీ పక్కనున్న డిస్కుల పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెకు రెండు సర్వర్ల నుంచీ చెరో కేబులు.

"సున్నాలకు ఇంత బందోబస్తు యాలన్నా?" అని కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన ఇంజినీరు వీరేష్ ఒకసారి అడిగాడు.

"వాన ఎట్లా లేదు. లేదనే లెక్క గూడా పోతే మనల్నెవరు నమ్ముతారప్పా?"

ఆ లెక్కలు చూసి కరువు మండలాలు తేల్చడానికి రాజధాని నుంచి ఒక బృందం బయలుదేరింది. సుంకప్ప చుట్టాల పెళ్ళికని గుంతకల్లు పోయి ఉన్నాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు నాగేశ్వరరావు సర్వర్ల గది తనిఖీకి వచ్చాడు. ఆయనకు శుభ్రం పిచ్చి.

"ఈ రెండో సర్వరు ఏం చేస్తుందయ్యా?"

"ఊరికే ఉంటాది సార్," అన్నాడు వీరేష్.

"ఊరికే ఉండేదానికి కేబులెందుకు? పీకెయ్. వచ్చేవాళ్ళకి గది నీటుగా కనబడాలి."

ఊరికే ఉండేవాళ్ళకు ఆ ఆఫీసులో ఏసీ గదీ, జీపూ కూడా ఉన్నాయని వీరేష్‌కు తెలుసు. కానీ అతని కాంట్రాక్టు నెలాఖరుకు ముగుస్తుంది. పొడిగించాల్సింది ఆ ఆఫీసరు చెయ్యే. నోరు మూసుకుని పీకేశాడు. ఆ కేబులుతో గేటుకు స్వాగతం బ్యానరు కట్టించాడు ఆఫీసరు.

మర్నాడు బృందం వచ్చింది, టీ తాగింది, శింగనమల మండలం లెక్క చూపించమంది. సరిగ్గా అప్పుడే మొదటి సర్వరు టప్పున ఆగిపోయింది. రెండోది లేచింది. లేచి ఏం లాభం? లెక్కల దగ్గరికి పోవడానికి దాని దారి గేటు మీద వేలాడుతోంది. తెర మీద సున్నా కూడా రాలేదు.

అప్పుడే సుంకప్ప బస్సు దిగి సంచితో సహా నేరుగా వచ్చాడు. సర్వరు వెనక్కి తొంగి చూశాడు. ఎవర్నీ ఏమీ అడగలేదు. సంచిలోంచి రెండు కేబుళ్ళు తీసి, ఒకటి తగిలించి, రెండోది మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. తెర నిండా సున్నాలు వచ్చాయి. శింగనమలలో వాన పడలేదని తేలగానే గదిలో అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

బృందం వెళ్ళాక నాగేశ్వరరావు, ఏమీ ఎరగనట్టు, గొంతు పెంచాడు. "కేబులు పీకిందెవరు? వాడు రేపట్నించి రానక్కర్లేదు!"

సుంకప్ప ముందుకొచ్చాడు.

"మేమిద్దరం పీకినాం సార్."

"నువ్వు నిన్న గుంతకల్లులో ఉన్నావు కదయ్యా!"

"లీవులో ఉంటే తప్పు చెయ్యగూడదా సార్? పంపిస్తే ఇద్దర్నీ పంపండి. రేపు సర్వరు ఆగితే మీరే చూసుకుందురు."

ఆఫీసరు సర్వర్ల మీద మిణుకుమంటున్న దీపాలను చూశాడు. తర్వాత ఏనాడూ కేబులు ముట్టని తన చేతుల్ని చూసుకున్నాడు. "సర్లే, ఈసారికి వదిలేస్తున్నా," అని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర బ్యానరు వైపు మాత్రం తలెత్తలేదు.

"నా తప్పులో నీకేం పనన్నా?" అన్నాడు వీరేష్.

"మోసేటోడు ఒకడే అయితే, వాడు పోతాడు కదప్పా. ఇంద, ఓళిగలు తిను. ఒకటి ఒలికితే అని రెండు డబ్బాలు తెచ్చినా. మొదటిది ఒలకలేదులే."

వీరేష్ బొబ్బట్ల డబ్బా అందుకుని ఆగిపోయాడు. చేరినప్పటి నుంచీ తన మధ్యాహ్నం భోజనం సుంకప్ప తెచ్చే రెండో డబ్బాలోనే. మొదటిది ఏనాడూ ఒలకలేదు. ఎండాకాలమంతా రెండో గొడుగు గంగక్క నెత్తిమీదే ఉంది. రెండో ఫోనులో వాచ్‌మన్ తిప్పయ్య తన కూతురితో మాట్లాడుతూ ఉండేవాడు. వీరేష్ నవ్వుతూ డబ్బా మూత తీశాడు.

మర్నాడు వీరేష్ కూడా రెండు డబ్బాలు తెచ్చాడు. అటుగా వచ్చిన నాగేశ్వరరావు బల్ల దగ్గర ఆగాడు.

"ఇద్దరికి నాలుగు డబ్బాలేమిటయ్యా?"

"ఒకటి పోతే?" అన్నారిద్దరూ ఒకేసారి.

ఆయన ఒక డబ్బా మూత తీసి వాసన చూశాడు. కుర్చీ లాక్కున్నాడు.

"అయితే ఒకటి పోయిందనుకోండి," అన్నాడు.