మాయమ్మ ఇట్ల అనదు

పోయినవారిని స్మరించడం పితృకార్యమంత పవిత్రమైనది. అందులో అసత్యం కలపడం నైవేద్యంలో ఇసుక కలపడమే. అందుచేతనే, గతవారం కన్నుమూసిన మా బడి టీచరమ్మకు ఆళ్లగడ్డలో జరిపిన సంతాపసభ నుండి నేను మండిపడుతూ లేచివచ్చాను. వక్తలందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు. పచ్చి అబద్ధం! ఆమె కోపిష్ఠి. ఆ కోపమే నాకు చదువు చెప్పింది.

డెబ్బైల చివర ఆ బడిలో నేను తెలుగు పండితుణ్ణి, ఆమె చేతిపనుల టీచరు. నంద్యాలలో జరిగే పిల్లల ప్రదర్శనకు ఏడో తరగతి చేత ఒక చిన్న పుస్తకం చేయించింది. ఇంట్లో రోజూ వినబడే ఒక మాటను ఒక్కొక్కరు ఒక్కో పుటలో వ్రాయాలి. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం తానే కలిపింది. దారానికి మైనం రుద్దించింది. "మరీ గుంజొద్దు మే, కాయితం చినుగుతాది. వదులుగా ఇడిస్తే పుటలు రాల్తాయి" అంటూ దబ్బనంతో కుట్టడం నేర్పింది.

తప్పులు చూడమని ప్రధానోపాధ్యాయుడు ఆ పుస్తకాన్ని నాకు పంపాడు. నేను ఎర్రసిరాతో విజృంభించాను. ఆ ఏడే తల్లిని పోగొట్టుకున్న ఒక పిల్ల, తల్లి పిలుపును వ్రాసుకుంది: "బేగా రా మే, సంగటి సల్లారిపోతాండాది." దానిని కొట్టివేసి, "త్వరగా రమ్ము అమ్మాయీ, సంగటి చల్లారిపోవుచున్నది" అని దిద్దాను. పిల్ల చూసి ఒక్క మాటే అన్నది.

"మాయమ్మ ఇట్ల అనదు."

మరుక్షణం టీచరమ్మ నా గదిలో ఉంది.

"ఏంది సామీ ఇది? సచ్చిపోయిన తల్లి నోట్లో నీ మాట పెడ్తావా?"

"గ్రామ్యాన్ని దిద్దడం నా ధర్మం కదమ్మా."

"నీ వేదంలో ఎవురన్నా ఒక్కచ్చరం మారిస్తే ఊరకుంటావా? ఆ బిడ్డకు అదే వేదం!"

స్వరం తప్పినా మంత్రం చెడుతుందని బాల్యం నుండి వల్లించినవాణ్ణి. ఆ మాట తగిలినందుకు ఆమెపైనే కోపం వచ్చి, చేతిపనుల టీచరుకు భాష సంగతి ఎందుకని గొణిగాను.

"చేతిపని గాబట్టే తెలుసు. కుట్టు ఇప్పి మళ్ల కుట్టొచ్చు. తల్లి మళ్ల రాదు సామీ."

ఆమె కుట్లు విప్పింది. పిల్లలు మళ్లీ వ్రాశారు. మర్నాడు నంద్యాల బస్సులో, పుటలు ఒడిలో పెట్టుకొని దారి పొడవునా కుట్టింది. తోడుగా వెళ్లిన నేను పక్క సీట్లోనే ఉండి క్షమాపణ అడగలేదు. ప్రదర్శనలో పరీక్షకుడు రెండు పుటలు తిప్పి, "మోటుభాష" అని నవ్వి, పుస్తకాన్ని బల్ల కిందికి తోశాడు. ఆమె వంగి తీసుకొని, సాయంత్రం దాకా దానిని రెండు చేతులా తెరిచి పట్టుకొని నిలబడింది. అక్కడ నా మాటకు విలువ ఉండేది. నేను నోరు మెదపలేదు. ఆ పరీక్షకుడి మీద ఈనాటికీ కోపమే. అంతకు రెట్టింపు నా మీద.

నేను లేచివచ్చిన ఆ సంతాపసభ బయట ఆ పిల్లే, ఇప్పుడు మనవలున్న అవ్వ, ఆ పుస్తకాన్ని నా చేతిలో పెట్టింది. టీచరమ్మ పోయేముందు తనకు ఇచ్చిందట. పురుగు ముట్టలేదు. అట్ట లోపలివైపు నేను దిద్దిన పాత పుట అతికించి ఉంది.

"దీన్ని పారేయలేదేమమ్మా?"

"'సామి రాసింది అట్టకు బలానికన్నా పనికొస్తాది' అనింది సామీ" అని నవ్వింది.

నా ఎర్రసిరా వెలిసిపోయింది. దానికి ఎదురుగా నల్లగా, నిండుగా: బేగా రా మే.

ఇకముందు పలక పట్టబోయే బిడ్డలారా, మీ తల్లుల పిలుపు మీ చేతివ్రాతలో చెక్కుచెదరక నిలుచుగాక. దానిపై ఎర్రసిరా ఎత్తిన నావంటివానికి ఎదురు నిలిచే కోపిష్ఠి టీచరమ్మ ప్రతి బడిలోనూ మీకు దొరుకుగాక.