ఎండకి ఆరిపోతాయని చెప్పాను

ఒక మాట ఉంది. ఏళ్ల తరబడి దాన్ని మోస్తున్నాను. గుడిలో చేతులు జోడించినప్పుడు బరువే. ఆఫీసులో నలుగురూ నన్ను మెచ్చుకున్నప్పుడు మరీ బరువు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీ ముందు దించుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఇలా రాసుకుంటూ కూర్చునే అవసరం నాకేముంది?

నేను నా చెల్లెలిని ముంచాను. తోడబుట్టింది కాదు, మా పిన్ని కూతురు. పేరు నూకాలు. ముంచానంటే దొంగతనం అంటగట్టలేదు, లేనిపోనివి కల్పించి చెప్పలేదు. ఆమె ఒక ప్రశ్న అడిగింది, నేను తప్పు జవాబు చెప్పాను. ఇంతేనా అనిపిస్తోంది కదూ? నాకూ ఇంతేనా అనిపించాలని ఎంత ప్రయత్నించానో మీకేం తెలుసు.

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక యార్డు. రసాయనాలు మోసే పెద్ద ట్యాంకులని కడిగి, పరీక్షించి, నింపి ఓడలకి పంపుతాం. సుంగై సుమున్ అనే పల్లె నుంచి పెళ్లయి వచ్చినదాన్ని, ట్యాంకులు కడిగే పనిలో చేరి పరీక్షల విభాగం దాకా ఎగబాకాను. చేతులు పొక్కులెక్కాయి, ఒకసారి కనురెప్ప కాలింది. అయినా వదల్లేదు. పిన్ని చనిపోయాక నూకాలుని నేనే తీసుకొచ్చి మా ఇంట్లో ఉంచుకున్నాను. పని ఇప్పించిందీ నేనే. పైపు బిగించడం నుంచి రసాయనం వాసన బట్టి పక్కకి తప్పుకోవడం దాకా అన్నీ నేర్పింది కూడా నేనే.

నేర్పినంతకాలం బాగానే ఉంది. ఆమె నాకంటే త్వరగా నేర్చేసుకుంది చూడండి, అక్కడ మొదలైంది నా రోగం.

అసూయ అని పుస్తకాల్లో రాస్తారు. మా ఇంట్లో కుళ్లు అంటాం, అదే సరైన మాట. లోపల ఏదో కుళ్లుతున్నట్టే ఉండేది. నూకాలు ఇంగ్లీషులో కస్టమర్లతో గలగలా మాట్లాడేది. నేను అదే మాట మనసులో మూడుసార్లు అనుకుని, చివరికి అనకుండా ఊరుకునేదాన్ని. మేనేజరు నాతో పని మాట్లాడేవాడు, ఆమెతో నవ్వేవాడు. సరే, అది ఆఫీసు. ఇంట్లో? మాతోనే ఉండే మా అమ్మ చేపల పులుసు వండితే తలకాయ ముక్క నూకాలు కంచంలో పడేది. తల్లి లేని పిల్ల అనేది అమ్మ. ఒక చేపముక్క కోసం, ఇద్దరు పిల్లల తల్లిని, నాకు కళ్లనీళ్లు తిరిగేవి. సిగ్గులేదా అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూనే మళ్లీ ఆ కంచం వైపు చూసేదాన్ని.

ఆ ఏడాది యార్డుకి కొత్త సరుకు వచ్చింది. కాస్టిక్ సోడా ద్రావణం, కొరియాలో ఒక రేవుకి, అక్కడ చలికాలంలో దిగాలి. మా ఎండలో ఆ ద్రావణం నీళ్లలాగే కదులుతుంది గానీ చలి తగిలితే ట్యాంకులోనే గడ్డకట్టుకుపోతుంది. అందుకని ట్యాంకు చుట్టూ, బయటి రేకు కింద, ఆవిరి గొట్టాలుంటాయి. రేవు చేరాక ఆ గొట్టాల్లోకి ఆవిరి వదిలి సరుకు కరిగించి దించుకుంటారు. మేము పంపేముందు ఆ గొట్టాల్లో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, ఎక్కడా కారడం లేదని చూస్తాం. చూశాక నీళ్లు తీసేయాలి.

ఈ పనంతటికీ బాధ్యురాలిగా ఎవరిని వేస్తారు? నన్నే అనుకున్నాను. యార్డులో అందరూ నన్నే అనుకున్నారు. మేనేజరు నూకాలుని వేశాడు. అంతటితో ఆగలేదు, మొదటి ట్యాంకులు దిగేటప్పుడు కొరియా వెళ్లి దగ్గరుండి చూసి రావాలట. విమానం ఎక్కుతుందట! మంచు చూస్తుందట! నేను జన్మలో తైపింగ్ కొండ దాటి చల్లగాలి ఎరగను.

ఆ సాయంత్రం ఆమె పాత బట్టల దుకాణంలో కొన్న ఉన్ని కోటు వేసుకుని మా హాల్లో అద్దం ముందు నిలబడింది. ఫ్యాను తిరుగుతున్నా చెమటతో తడిసిపోతోంది. పకపకా నవ్వుతోంది. మా అమ్మ వంటింట్లోంచి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. నా పెళ్లినాడు తప్ప నాకెప్పుడూ తీయలేదు. నేనూ నవ్వాను. బాగుందే అన్నాను. ఒళ్లంతా మండిపోతోంది, బాగుందే అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది.

మా యార్డులో ఒక అలవాటు ఉండేది. పరీక్ష అయ్యాక ఆవిరి గొట్టాల మూతలు విప్పి ట్యాంకుని ఎండలో వదిలేసేవాళ్లం. పారినన్ని నీళ్లు పారిపోయేవి, మిగతావి ఎండే చూసుకునేది. జొహోరుకో చెన్నైకో పోయే ట్యాంకులకి అది చాలు. వంపుల్లో కాసిని నీళ్లు మిగిలినా నష్టం లేదు. ఎండ తప్ప ఇంకొకటి ఎరగని మనుషులం, మాకు అంతకుమించి ఆలోచన రాదు. కానీ నాకు మాత్రం తెలుసు. అంతకుముందు ఉన్న ఫోర్‌మన్, అందరూ గౌరవంగా పాక్ హమీద్, అంటే హమీద్ పెద్దాయన, అని పిలిచే ముసలాయన, రిటైరయ్యేముందు నాకొక్కదానికే చెప్పి వెళ్లాడు. చలిదేశం పోయే ట్యాంకు వస్తే ఎండని నమ్మకు, కంప్రెసరు పెట్టి గాలి కొట్టు, గొట్టం చివర అరచెయ్యి పెట్టి చూడు, తడి తగలనంతవరకూ కొట్టు అన్నాడు. మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయనీ, గొట్టం లోపలే చీలుతుందనీ, బయటి రేకు వల్ల ఎవరికీ కనపడదనీ చెప్పాడు. ఇంకొకటి కూడా చెప్పాడు. అవతల ఆవిరి వదిలేటప్పుడు ఆ గొట్టం పక్కనే ఒక మనిషి నిలబడి ఉంటాడని.

పరీక్ష అయిన మధ్యాహ్నం నూకాలు నా దగ్గరికి వచ్చింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని, ముఖం తుడుచుకుంటూ.

"అక్కా, ఈ ట్యాంకులు సలిదేశం ఎల్తాయి గదా. గొట్టాల్లో నీళ్లు గాలి కొట్టి తియ్యాలేటి? కంప్రెసరు అవతలి షెడ్డులో ఉన్నాది. తెప్పించమంటావా?"

"ఏటికే? మూతలిప్పి ఎండలో ఒగ్గేయ్ లా. అయ్యే ఆరిపోతాయి. ఎప్పుడూ అలాగే గదా సేస్తన్నాం." ఇక్కడి మలయ్ వాళ్లలాగే మాట చివర లా తగిలించి, తేలిగ్గా అనేశాను.

"అడుగున మిగిలిపోతేనో?"

"మిగిలితే ఏటౌతాది? నీళ్లే గదే, యాసిడ్డా?"

ఆమె నవ్వేసింది. "సరేలే అక్కా. నువ్వు సెప్పినాక మరేటున్నాది."

అంతే. వెళ్లిపోయింది.

నోరు జారాను అనుకోవచ్చా? ఎన్నో రాత్రులు అలాగే అనుకోవాలని చూశాను. కానీ ఆ ట్యాంకులు వెంటనే వెళ్లిపోలేదు. ఓడ ఆలస్యమై యార్డులోనే ఉండిపోయాయి. ప్రతి ఉదయం వాటి పక్కనుంచే నడిచి నా టేబులు దగ్గరికి వెళ్లాను. ఆగు నూకా, నాకిప్పుడు గుర్తొచ్చింది, గాలి కొట్టించు అని ఒక్క మాట. అరగంట పని. ఆమె కంప్రెసరు తెప్పించేది, నాకు థాంక్స్ చెప్పేది, ఆ రాత్రి అమ్మకి కూడా చెప్పేది. ఆ మాట నా నోట్లోనే ఉంది. బయటికి రానివ్వలేదు. లారీలు వచ్చి ట్యాంకులని తీసుకెళ్తుంటే గేటు దగ్గర నిలబడి చూశాను.

ఏం కావాలని కోరుకున్నాను? గొట్టాలు చీలాలి, కస్టమరు గోల చెయ్యాలి, నూకాలుకి నలుగురిలో తలకొట్టేసినట్టు కావాలి. అంతవరకే కోరుకున్నాను. మనిషికి దెబ్బ తగలాలని కోరుకోలేదు. నిజమేనా? పక్కనే ఒక మనిషి నిలబడి ఉంటాడని పాక్ హమీద్ చెప్పింది నేను మర్చిపోయానా? మర్చిపోలేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా వేరే పని వెతుక్కున్నాను. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

ఆ రేవులో ఆవిరి వదలగానే చీలిన గొట్టం వాల్వు పక్కనే బద్దలైంది. వాల్వు తిప్పుతున్నవాడికి ముఖం ఒకవైపూ, ఒక చెయ్యీ కాలిపోయాయి. నూకాలు అక్కడే, అతని వెనకాలే ఉంది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఊరుకో ఊరుకో అన్నాను. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి కూర్చున్నాను. అతని పేరు ఏమిటో అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. ఇప్పుడు అడిగినా చెప్పేవాళ్లు లేరు.

ఆమె తిరిగొచ్చాక మేనేజరు అందరినీ కూర్చోబెట్టాడు. గాలి కొట్టకుండా ఎండలో వదిలెయ్యమని ఎవరు చెప్పారని అడిగాడు. నేను ఆమెకి ఎదురుగానే కూర్చున్నాను. నూకాలు నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఎవరూ చెప్పలేదు, నేనే అలా అనుకున్నాను అంది.

నన్ను కాపాడింది. అప్పుడు నాకేమనిపించి ఉండాలి? సిగ్గు, కృతజ్ఞత, ఏదో ఒకటి. ఛీ, అవేవీ కాదు. మళ్లీ కుళ్లే. చూడు, ఇందులో కూడా నాకంటే మంచిదనిపించుకుంది అనుకున్నాను. ఇది నేను నా మొగుడికి కూడా ఎన్నడూ చెప్పలేదు. ఇది చెప్పడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఆమె ఉద్యోగం పోయింది. ఈ రేవులో రసాయనాల పని ఇంకెవరూ ఇవ్వలేదు. సుంగై సుమున్ వెళ్లిపోయింది, తర్వాత తెలుక్ ఇంటాన్‌లో ఒక స్కూలు క్యాంటీన్లో వంటకి చేరింది. ఇప్పటికీ అక్కడే. ఆమె కుర్చీ నాకు వచ్చింది. చలిదేశం పోయే ప్రతి ట్యాంకుకీ గాలి కొట్టించి, నా అరచెయ్యి పెట్టి చూశాకే పంపిస్తాను. కొత్తగా చేరిన పిల్లలకి మేనేజరు నన్ను చూపించి, ఈమెని చూసి నేర్చుకోండి అంటాడు. నేను తల ఊపుతాను.

అమ్మ చివరి రోజుల్లో నూకాలుని పిలిపించమంది. పిలిపించాను. ఆమె చేతి గంజి తాగింది, నేనిస్తే వద్దంది. అప్పుడూ నాకు మండింది. చచ్చిపోతున్న తల్లి పక్కన కూర్చుని కూడా. నాకిక బాగుపడే యోగం లేదని ఆ రోజే అర్థమైంది.

మొన్న అమ్మ సంవత్సరీకానికి సుంగై సుమున్‌లో అందరం కలిశాం. భోజనాల దగ్గర నూకాలు వడ్డిస్తోంది. ఎవరో చుట్టపామె, పోర్టులో అంత మంచి పని ఎందుకు మానేశావే అని అడిగింది. నేను పక్క విస్తరి ముందే ఉన్నాను. నూకాలు సాంబారు గరిటె పట్టుకుని నవ్వింది.

"నాకేటి తెల్సు పిన్నీ, మా అక్కకి మాత్రం ఏటి తెల్సు? సలి అంటే ఏటో మనం ఏనాడైనా సూసినామా? నీళ్లు సలికి ఇనపగొట్టాన్ని సీలుస్తాయంటే కల కన్నామా లా? తెలీక సేసినాం. ఆ పాపం ఒకలికి సుట్టుకుంటే సాల్దా అని నానొక్కదాన్నీ ఒప్పుకొన్నాను."

అని నా విస్తట్లో ఇంకో గరిటె పోసింది. తినక్కా అంది.

తిన్నాను. విస్తరి ఖాళీ చేశాను. ఇన్నేళ్లూ ఆమె నన్ను కాపాడుతోందనుకున్నాను, కాదు. ఆమె కాపాడింది తెలియక తప్పు చెప్పిన ఒక అక్కని. ఆ అక్క ఎప్పుడూ లేదు. లేని మనిషి కోసం తన బతుకు ఇచ్చేసుకుని, అక్కని కాపాడాను కదా అన్న తృప్తితో క్యాంటీన్లో వంట చేసుకుంటోంది.

ఆమెకి నిజం చెప్పాలా? కారులో తిరిగొస్తూ దారి పొడవునా ఇదే ఆలోచన. చెబితే ఆ తృప్తి కూడా పోతుంది. ఆమె దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ నేనే లాక్కున్నట్టవుతుంది. కాబట్టి చెప్పకపోవడమే దయ అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. దయా నా మొహమా! భయం. ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందన్న భయం. ఆమె ప్రేమ మీద నాకు హక్కు లేదని తెలిసీ దాన్ని వదులుకోలేని పేరాశ. ఆమెది ఏదైనా సరే నాకు కావాలి, చివరికి అది కూడా.

కాబట్టి మీకు చెబుతున్నాను. మీరు నన్ను క్షమించాలని కాదు, ఆ హక్కు మీకు లేదు. కొరియాలో ముఖం కాలినవాడికి ఉంది, నూకాలుకి ఉంది, వాళ్లిద్దరినీ నేను అడగలేదు. అడుగుతానని మాట కూడా ఇవ్వలేను, ఇస్తే అదింకో అబద్ధమవుతుంది.

తెలీక సేసినాం అంది ఆమె. ఆమెకి తెలియదు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఈ మూడు మాటలూ ఇప్పటిదాకా ఎక్కడా అనలేదు, నిద్రలో కూడా అనలేదు. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.