నాణెం పెట్టి చూసే షిమోన్

మా ఊరి ఐస్ హాకీ జట్టులో ముందువరసన ఆడే షిమోన్ బార్టాకి ఒకటే జబ్బు: అనుమానం. పంతొమ్మిదేళ్లకే జీతానికి ఆడటానికి కుదిరాడు. ఒప్పందం మీద సంతకం పెట్టమని మేనేజర్ హుడెక్ పెన్ను ఇస్తే, ముందు ఆ పెన్నుతో అరచేతి మీద గీత గీసుకుని, పావుగంట రుద్ది చూశాడు. "సిరా చెరిగిపోతే రేపు సంతకమే లేదంటారు" అన్నాడట.

వాళ్లు ఆడే మంచు మైదానం, రింకులో ఫలహారాల కొట్టు నాది. పుల్లటి క్యాబేజీ సూపు, ప్లమ్ జామ్ కూరి ఆవిరి మీద ఉడికించిన బన్నులు, పైన గసగసాలు. ఈ కొండల కింద ఇంత మెత్తని బన్ను ఇంకొకరి చేతిలో రాదు. ఇది నా గొప్ప కాదు, తిన్నవాళ్ల మాట. సరే, నా గొప్పే.

మొదటిరోజు పొద్దున్నే వాడి ముందు పళ్లెం పెట్టాను.

"ముందు మీరు తినండి, పెద్దమ్మా."

"ఏరా, విషం పెట్టాననా?"

"మీరు పెట్టరు. అవతలి జట్టువాళ్లు మీకు తెలియకుండా కలిపేసి ఉంటేనో?"

"అవతలి జట్టు నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉందిరా!"

"అదే నేననేదీ. అంత దూరంలో ఎందుకున్నారు?"

సగం బన్ను తిని చూపించాను. చావలేదు. అప్పుడు మిగతా సగం తిన్నాడు. ఆ రోజు నుంచి రోజూ ఇదే తంతు.

మంచు మీద మాత్రం ఈ జబ్బే వాడి విద్య. మిగతా కుర్రాళ్లు నల్లటి పక్ బిళ్ల వంక చూస్తూ పరిగెడతారు. వీడు దాని మొహం చూడడు. "అది నా కర్ర దగ్గరే ఉంటుంది, ఎక్కడికి పోతుంది? నన్ను గుద్దేవాడు ఎక్కడున్నాడో అది చూడాలి" అంటాడు. రెండడుగులకోసారి ఈ భుజం మీంచీ ఆ భుజం మీంచీ వెనక్కి చూస్తాడు, కోడిని ఎత్తుకుపోయేవాడిలా. అందుకే వాణ్ణి వెనక నుంచి గుద్దినవాడు లేడు. గోలు దగ్గర ఖాళీ కనిపిస్తే అటు కొట్టడు. "కీపరు కావాలనే వదిలాడు" అని మూసి ఉన్నవైపు కొడతాడు. కీపరు ఖాళీ వైపు దూకుతాడు, పక్ లోపలికి పోతుంది. మొదటి ఏడాదే పద్నాలుగు గోల్స్. ప్రతి గోలుకీ రెఫరీ దగ్గరికెళ్లి, "నిజంగానే లోపలికి వెళ్లిందా?" అని అడిగేవాడు.

ఇక ఆ నాణెం సంగతి. స్కేట్లకు పదును పెట్టేది మా ఆయన ఇమ్రిఖ్, నలభై ఏళ్లుగా. స్కేటు అడుగున బ్లేడుకి రెండు అంచులుంటాయి, నడుమ సన్నని గాడి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే తిరిగేటప్పుడు మనిషి జారి పడతాడు. షిమోన్ తన తాత నాటి పాత కొరునా నాణేన్ని బ్లేడు మీద అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. నాణెం సమంగా ఉంటే సరే. వాలితే "ఊఁ" అనేవాడు. తన జత ఒక్కటే కాదు, జట్టు మొత్తానివీ.

"మా ఆయన చేతి మీద అనుమానమట్రా నీకు?"

"అందరి చేతి మీదా, పెద్దమ్మా. నా చేతి మీద కూడా."

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ శీతాకాలమే హుడెక్ పదును పెట్టే కంప్యూటర్ యంత్రం కొంటానని తిరుగుతున్నాడు. "నీ పదును వల్ల ఒక్కడు పడినా ఇంటికి పంపేస్తాను" అని మా ఆయనతో తేల్చి చెప్పాడు. ఆ సానరాయి లేకపోతే ఇమ్రిఖ్ ఏం చేస్తాడు? ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడతాడు! వీడు హుడెక్ మనిషే, సాక్ష్యాలు పోగేస్తున్నాడు అని తేల్చుకున్నాను.

బ్రాటిస్లావాలోని పెద్ద క్లబ్బు నుంచి షిమోన్ ఆట చూడటానికి ఒకాయన వస్తాడన్న రోజు, పిండి కలుపుదామని తెల్లవారుజామునే వచ్చాను. సానగదిలో రాయి తిరుగుతున్న చప్పుడు. మా ఆయన ఇంట్లో గురక పెడుతున్నాడు! అప్పడాల కర్రలాంటి నా పిండికర్ర పట్టుకుని తలుపు తోశాను. షిమోన్. చుట్టూ జట్టు స్కేట్లన్నీ.

"దొంగవెధవా! పదును చెడగొట్టి మా ఆయన మీదికి తోస్తావా?"

"పెద్దమ్మా, మిమ్మల్ని ఎవరు పంపారు?"

"నన్ను పంపేవాడు ఇంకా పుట్టలేదు! చెప్పు, ఏం చేస్తున్నావు?"

వాడు ఒక స్కేటు తిరగేసి నాణెం పెట్టాడు. వాలింది. "పెద్దనాన్నకి కుడికన్ను ఆనడం లేదు. నవంబరు నుంచీ కుడి స్కేట్లన్నీ ఒరుగుతున్నాయి. నేనే వచ్చి సరిచేస్తున్నాను."

"ముందే నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పాలంటే మిమ్మల్ని నమ్మాలి కదా."

పిండికర్ర దించడానికి కాస్త టైం పట్టింది. ఇంకా రెండు తిట్లు మిగిలిపోయాయి, అవీ తిట్టేశాను. ఈలోగా ఇమ్రిఖ్ దగ్గు వరండాలో వినిపించింది. ఆయనకి తెలియకూడదని షిమోన్ రాయి ఆపేశాడు. అందరి జతలూ అయ్యాయి. షిమోన్ జత ఒక్కటే కాలేదు.

ఆట మొదలైన పది నిమిషాలకే వాడు కుడివైపు తిరగబోయి, పెద్ద క్లబ్బు ఆయన ఎదురుగానే దబ్బున పడ్డాడు. హుడెక్ కంచె దగ్గరికి ఉరికాడు. "చూపించు స్కేటు! పదును పోయింది కదూ?"

నేను గరిట పట్టుకుని నిలబడిపోయాను. షిమోన్ లేచాడు.

"పదును బంగారంలా ఉంది. నా అనుమానమంతా మంచు మీదే. అవతలివాళ్లు పంచదార నీళ్లు చల్లారు." అని వంగి, మంచుకి నాలుక ఆనించి, "చూశారా, తియ్యగా ఉంది!" అన్నాడు.

హాలంతా నవ్వు. హుడెక్ నుదురు కొట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత వాడు ఆటంతా ఎడమవైపే తిరిగాడు. ఇందులో ఏదో మోసం ఉందని అవతలివాళ్లు కుడివైపే కాపలా కాశారు. మాకు రెండు గోల్స్ వచ్చాయి. పెద్ద క్లబ్బు ఆయన మాత్రం, "ఆట బాగుంది. బుర్ర సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అని వెళ్లిపోయాడు. వాడికి ఒక ఏడాది పోయింది.

మరో వారానికి షిమోన్ మా ఆయన కళ్లజోడు తీసి, దాని మీద నాణెం పెట్టి చూశాడు. "పెద్దనాన్నా, ఈ అద్దాలు మిమ్మల్ని మోసం చేస్తున్నాయి" అని తనే కంటి ఆసుపత్రికి లాక్కెళ్లాడు. శుక్లం తీశారు. ఇప్పుడు నాణెం వాలదు. అయినా వాడు పెట్టి చూస్తూనే ఉంటాడు.

నిన్న పొద్దున్న పళ్లెంలో రెండు బన్నులకి బదులు మూడు వేశాను.

"మూడెందుకు?"

"ఊరికేరా."

"ఊరికే ఎవరూ ఏమీ ఇవ్వరు. ముందు మీరు తినండి, పెద్దమ్మా. ఒకటి పూర్తిగా."

తిన్నాను. తింటుంటే తట్టింది. పొయ్యి దగ్గర నిలబడితే మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగని దాన్ని, వీడు వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే ఇంత తింటున్నది వీడి అనుమానం వల్లే. అదీ కావాలనే చేశాడేమోనని ఇప్పుడు నాకు అనుమానం.