మోదుగ చెట్ల కిందికి వచ్చిన బండి

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాటతో మొదలుపెట్టినవాళ్లంతా చివరికి దెయ్యం కథే చెబుతారని నాకు తెలుసు. నేను చెప్పబోయేది అలాంటి కథో కాదో మాత్రం నాకే తెలియదు.

సైన్యంలో ఇరవై రెండేళ్లు వాహనాల మెకానిక్‌గా పనిచేశాను. బండి కదిలిందంటే ఇంజనైనా లాగాలి, మనుషులైనా తొయ్యాలి, లేదా కింద పల్లమైనా ఉండాలి. నాలుగో కారణం లేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఇదే చెప్పేవాణ్ని. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం వాళ్లెవరికీ చెప్పలేదు.

తొంభయ్యో దశకం మొదట్లో మేము ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉండేవాళ్లం. నేను, మా ఆవిడ రత్నం. ఆ ఏడాది చలికాలంలో రత్నానికి ఏడో నెలలో బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి వచ్చాక రత్నం పెద్దగా ఏడవలేదు. వంట చేసేది, బట్టలు ఉతికేది, పలకరిస్తే బదులిచ్చేది. కానీ చప్పుడు భరించలేకపోయేది.

మా క్వార్టర్స్ మీదుగానే విమానాలు దిగేవి. ఒక్కొక్కటీ వెళ్తుంటే కిటికీ అద్దాలు వణికేవి. పొద్దున్నే బ్యూగిల్, తర్వాత వరసగా అందరి ఇళ్లలో కుక్కర్ విజిళ్లు, స్కూటర్లు. అంతకుముందు అవి ఉన్నాయనే మాకు తెలియదు. ఇప్పుడు ఏ చప్పుడు వినబడినా రత్నం తువ్వాలు చెవులకు చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. డాక్టరిచ్చిన మాత్రలతో కళ్లు మూతపడేవి గాని నిద్ర పట్టేది కాదు. మూడు నెలల్లో మనిషి సగమైపోయింది.

ఒక ఆదివారం పొద్దున టీ గ్లాసు నా చేతికిస్తూ అంది: "ఏమండీ, ఏ చప్పుడూ లేని చోట ఒక్క గంట పడుకోవాలనుంది."

"ఊరెళ్దామా?" అన్నాను.

"వద్దండీ. ఊళ్లో అందరూ మాటాడతారు."

ఓదార్చడం నాకు రాదు. నాకు వచ్చింది బళ్ల పని. అంతకు రెండేళ్ల ముందు వేలంలో కొన్న పాత జీపు ఒకటి ఉండేది నా దగ్గర. దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రెయిలర్ కూడా ఎక్కడో తుప్పు పట్టిపోతోందని అప్పలనాయుడు కబురు తెచ్చాడు. అప్పలనాయుడు మా విజయనగరం జిల్లావాడే, మా వర్క్‌షాపులోనే వెల్డరు. వరస లేకపోయినా నన్ను బావా అని పిలిచేవాడు.

సాయంత్రాలు ఇద్దరం కూర్చుని ఆ ట్రెయిలర్ మీద ఇనుప చట్రం కట్టాం. చుట్టూ ప్లైవుడ్, పైన రేకు, రేకు కింద ఎండ తగలకుండా గోనె పట్టాల పొర. ఒక తలుపు, రెండు కిటికీలు, ఒక మంచం, ఒక అరమర, కిరసనాయిలు స్టవ్వు పెట్టుకునే చోటు. అంతా అయ్యాక అప్పలనాయుడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటి బావా, జీపుకి తోకిల్లు కట్టేసినావు!" అన్నాడు. అలా దానికి తోకిల్లు అనే పేరు స్థిరపడిపోయింది. ఆ మాటకు రత్నం చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఇక చప్పుడు లేని చోటు కోసం వెతకడం మొదలుపెట్టాం. ఢిల్లీ చుట్టుపక్కల అది దొరకడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. సూరజ్‌కుండ్ వైపు వెళ్తే పిక్నిక్‌కి వచ్చినవాళ్లు టేప్ రికార్డర్లు పెట్టి డాన్సులు. యమున ఒడ్డున పగలల్లా పంపుసెట్లు. ఘాజియాబాద్ దాటి కాలువ గట్టున బండి ఆపితే, పది నిమిషాల్లో ఊరంతా వచ్చి కిటికీల్లోంచి తొంగిచూశారు. ఒక ముసలమ్మ నేరుగా లోపలికొచ్చి మంచం మీద కూర్చుని, "అచ్ఛా హై బేటీ, బహుత్ అచ్ఛా హై" అని మెచ్చుకుంటూ పరుపు నొక్కి చూసింది.

కొన్నాళ్లకు మాకే కొన్ని సూత్రాలు ఏర్పడ్డాయి. కరెంటు స్తంభాలు కనబడితే ఆగకూడదు, ఎందుకంటే స్తంభం ఉన్నచోట మోటారు ఉంటుంది. బావి దగ్గర వద్దు, తెల్లారకముందే నీళ్లకు వస్తారు. చోటు నచ్చితే ఇంజన్ ఆపి, పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. ఆ పది నిమిషాల్లో లారీ హారన్ ఒక్కటి వినబడినా బండి తిప్పెయ్యాలి. ఈ పరీక్షలో నాకంటే రత్నం గట్టిది. నాకేమీ వినబడకముందే, "అదిగో, దూరంగా ట్రాక్టరు" అనేది. వెతకడంలో పడి ఆమె కొంచెం తేరుకుంటోందని నాకు అనిపించేది.

మే నెలలో ఒక చోటు దొరికింది. గుర్‌గావ్ అప్పటికి ఇంకా సగం పొలాలే. అది దాటి, సోహ్నా రోడ్డు వదిలి, ఆరావళి గుట్టల్లోకి మట్టిదారిన నాలుగైదు కిలోమీటర్లు పోవాలి. రెండు గుట్టల మధ్య తెల్లటి ఇసుక పరిచినట్టు ఒక చదును. ఒకవైపు రాళ్ల గుట్ట, రెండోవైపు ఎత్తయిన గట్టు, గట్టు మీద మోదుగ చెట్లు. ఇంజన్ ఆపి కూర్చున్నాం. పది నిమిషాలయ్యాయి. పావుగంట అయింది. ఎక్కడో ఒక నెమలి అరిచి ఊరుకుంది. రత్నం నా వైపు చూసి తలూపింది.

అక్కడికి మూడుసార్లు వెళ్లాం. మూడోసారి రత్నం అరగంట నిద్రపోయింది. నేను బయట కూర్చుని గడియారం చూసుకుంటూ ఒక్కొక్క నిమిషం లెక్కపెట్టాను.

నాలుగోసారి వెళ్లింది జూలైలో, ఒక శనివారం. ఢిల్లీలో అప్పటికి రెండు వానలు పడ్డాయి. ఆ రోజు మాత్రం ఆకాశం నీలంగా, కడిగినట్టుంది. ఎప్పటిలాగే ఇసుక చదును మధ్యలో తోకిల్లు నిలిపాను. జీపు నుంచి విడదీసి ముందు స్టాండు దించాను. చక్రాలకు ముందొకటి వెనకొకటి చొప్పున నాలుగు రాళ్లు పెట్టాను. వాటిలో ఒకదానికి అడ్డంగా తెల్లని చార ఉండేది. ప్రతిసారీ అవే నాలుగు రాళ్లు వాడేవాణ్ని కాబట్టి బాగా గుర్తు.

పప్పన్నం తిన్నాం. రత్నం టీ పెట్టుకుని సగం తాగి, గ్లాసు అరమర మీద పెట్టి పడుకుంది. నీళ్ల క్యాను ఖాళీ అయిందని నేను జీపులో ఊరివైపు వెళ్లాను. రెండు కిలోమీటర్ల దూరంలో చేతిపంపు ఉంది. పంపు దగ్గర మంచమేసుకుని కూర్చున్న ముసలాయన రామ్ రామ్ అని, ఎక్కడ ఉంటున్నారని అడిగాడు. చెప్పాను. ఆయన హుక్కా పక్కన పెట్టేశాడు.

"నాలే మే? అరే ఫౌజీ, వో తో నాలా హై! పహాడ్ పే బారిష్ హో రహీ హై, దేఖ్!"

అది వాగు. నేను రెండు నెలలుగా చదును అనుకున్నది ఎండిపోయిన వాగు. ముసలాయన చెయ్యి చూపించినవైపు, చాలా దూరంలో గుట్టల వెనక మబ్బు నల్లగా నేలదాకా దిగి ఉంది. అక్కడ వాన పడుతోంది. ఆ నీళ్లన్నీ రావలసింది నా భార్య పడుకున్న చోటికే.

క్యాను అక్కడే వదిలేశాను. జీపు ఎలా నడిపానో తెలియదు. ఇన్నేళ్లు సర్వీసు చేసి, ఇసుక అక్కడికెలా వచ్చిందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చప్పుడు లేకపోతే చాలనుకున్నాను.

మలుపు తిరిగేసరికి ఇసుక మీద తోకిల్లు లేదు.

నీళ్లు ఇంకా రాలేదు, ఇసుక పొడిగానే ఉంది, బండి మాత్రం లేదు. జీపు దిగి "రత్నం!" అని అరిచాను. అరుస్తూ తలెత్తితే గట్టు మీద, మోదుగ చెట్ల నీడలో, తోకిల్లు కనబడింది.

గట్టెక్కి తలుపు తీశాను. రత్నం ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నగా గురక పెడుతూ. ఆసుపత్రి నుంచి వచ్చాక అలాంటి నిద్ర నేను చూడలేదు. అరమర మీద గ్లాసులో సగం టీ అలాగే ఉంది. చుక్క కూడా ఒలకలేదు.

బయటికొచ్చి చూశాను. స్టాండు దించి ఉంది. చక్రాలకు నాలుగు రాళ్లు పెట్టి ఉన్నాయి. తెల్ల చార రాయి కుడి చక్రం వెనక ఉంది. అవి నా రాళ్లే.

జీపును గట్టు మీదికి తేవాలని గబగబా కిందికి దిగాను. దిగుతూ ఇసుకను చూశాను. తోకిల్లు చక్రాల జాడలు రెండు, గీత గీసినట్టు తిన్నగా, గట్టు దాకా, గట్టు మీదికి. వాటి మధ్యలోగాని, పక్కనగాని అడుగుల గుర్తులు లేవు. పొద్దున మేము తిరిగిన చోట మా చెప్పుల గుర్తులున్నాయి. నేను వెళ్లివచ్చిన జీపు టైర్ల గుర్తులు, కాస్త ఎడంగా ఇప్పుడు గట్టు వైపు పరిగెత్తిన నా అడుగులు ఉన్నాయి. అంతే. నేను కంగారులో ఉన్నాను, ఒకటి రెండు నిమిషాలకంటే చూడలేదు, అది ఒప్పుకుంటాను. కానీ ఏడెనిమిది క్వింటాళ్ల బండిని ఇసుకలో తోసేవాడి కాలు ఎంత లోతుకు దిగబడుతుందో నాకు తెలుసు. అలాంటి గుర్తు కనబడకుండా ఉండదు.

జీపు గట్టెక్కించి ఇంజన్ ఆపేసరికి చప్పుడు వినబడింది. లారీల కాన్వాయ్ వస్తున్నట్టు. వంపు తిరిగి ఎర్రటి నీళ్లు వచ్చాయి, ముందు తుమ్మ కంపలు దొర్లించుకుంటూ. నేను చూస్తుండగానే ఇసుక మాయమైంది. పొద్దున బండి నిలిపిన చోట నీళ్లు నా ఎత్తుకు పైగా పారాయి.

వెనకనుంచి రత్నం వచ్చి నా పక్కన నిలబడింది. ఆ హోరులో ఆమె చెవులు మూసుకోలేదు. నీళ్లను చూస్తూ, కళ్లు నులుముకుంటూ అడిగింది.

"బండి ఇక్కడికి మీరే తెచ్చారా?"

నేను చక్రం వెనక తెల్ల చార రాయి వైపు చూశాను.

"ఉయ్యాల ఊపినట్టుగా అనిపించిందండీ. వీపు మీద జోకొడుతూ ఉన్నారు. భలే నిద్ర పట్టేసింది."

"ఊఁ, నేనే" అన్నాను. అప్పుడు ఇంకేం చెప్పగలను?

నీళ్లు తగ్గాక ఊళ్లోకి వెళ్లి ఆ ముసలాయన్ని అడిగాను. మీవాళ్లెవరైనా పైకి వెళ్లారా అని. "కోయీ నహీ గయా" అన్నాడు, ఎవరూ వెళ్లలేదని. వాగు పొంగే రోజున గొర్రెలను కూడా అటు తోలరట. ఇంకా ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. అందరిదీ అదే మాట.

తర్వాతి నెలలో వర్క్‌షాపు వెనక అంతే వాలున్న మట్టి గట్టు చూసి, అప్పలనాయుణ్ని, మరో నలుగురిని పిలిచి తోకిల్లు తోయించాను. ఎందుకో చెప్పలేదు. ఐదుగురూ చెమటలు కక్కారు. బండి మూడు అడుగులు ఎక్కి వెనక్కి జారింది. అరమర మీద పెట్టిన గ్లాసు మొదటి కుదుపుకే కింద పడింది. అప్పలనాయుడు చొక్కాతో మొహం తుడుచుకుంటూ, "బావా, నీకేటైనా పిచ్చెక్కినాదేటి?" అన్నాడు.

ఆ శనివారం తర్వాత రత్నానికి నిద్ర రావడం మొదలైంది. మొదట రాత్రికి రెండు గంటలు, తర్వాత నాలుగు. విమానాలు మా ఇంటి మీదుగానే దిగేవి. నవంబరులో ఒక రాత్రి భోంచేస్తూ మొదటిసారి బిడ్డ గురించి మాట్లాడింది. "ముక్కు మీ పోలికేనండీ" అంది. ఇద్దరం కంచాల ముందు కూర్చుని ఏడ్చాం.

డిసెంబరులో మళ్లీ అక్కడికి వెళ్లాం. ఈసారి బండిని గట్టు మీదే నిలిపాను. మధ్యాహ్నం ఎండలో కూర్చుని నిజం చెప్పేశాను. "రత్నం, ఆ రోజు బండి తోసింది నేను కాదు. నేను వచ్చేసరికే అది ఇక్కడ ఉంది."

ఆమె నారింజ పండు ఒలుస్తోంది. తలెత్తలేదు.

"నాకు తెలుసండీ."

"ఎలా తెలుసు?"

"మీ చేతులు ఎంత కడిగినా గ్రీజు వాసనొస్తాయి. ఆ చెయ్యి అలా లేదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఎవరిదో చూడలేదా?"

"చూడబుద్ధి కాలేదు. అన్నాళ్లకి నిద్రొస్తుంటే, జోకొట్టేది ఎవరని లేచి అడుగుతామా?" అని నారింజ తొన నా చేతిలో పెట్టింది. తర్వాత లేచి గట్టు అంచుకు వెళ్లి, ఎండిన ఇసుక వైపు తిరిగి, పక్కింటావిడతో చెప్పినట్టు మామూలు గొంతుతో అంది: "అమ్మా, ఎవరో గాని, చల్లగా ఉండండి."

పొద్దు వాలేముందు తోకిల్లు జీపుకు తగిలించుకుని ఇంటికి బయల్దేరాం.

మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది. తోకిల్లు అప్పలనాయుడికి ఇచ్చేశాను. రిటైరైన తర్వాత కూడా అప్పుడప్పుడు కాగితం తీసి గట్టు ఎత్తు, దూరం, బండి బరువు, నేను లేని ఆ ముప్పావుగంట రాసుకుని చూస్తాను. ఎంతమంది కావాలో వస్తుంది. వాళ్లు ఎటునుంచి వచ్చారో, ఇసుక మీద కాలు మోపకుండా ఎలా వెళ్లారో రాదు. నన్నడిగితే బండి దానంతట అది గట్టెక్కదు. అయినా ఎక్కింది. నేను చెప్పగలిగింది ఇంతే.