చెంచమ్మ ఎదుట చదివిన కామెంటు

నిన్న ఉదయం కొత్త లుంగీ ఒకటి మడత విప్పాను. గుడియాత్తం సరుకు, నేలమీద నిలబెడితే దానంతట అదే నిలబడేంత గంజి. ఆ వాసన ముక్కుకు తగలగానే మునిరత్నం సార్ గుర్తొచ్చారు. వేలూరులో నేను మొదట పనిచేసిన కంప్యూటర్ ఆఫీసుకు ఆయన యజమాని. ఆయన తుమ్మితే కోట అగడ్తలో అలలు లేచేవని, భోజనం డబ్బా విప్పితే పులిహోర వాసన ఊరవతలి తొరపాడి దాకా వెళ్ళేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ప్రమాణం తప్పితే ఆ పాపం పులిహోరదే. మా ఆఫీసు ఒక మందుల షాపు మీది గది. అందులో నాలుగు కంప్యూటర్లు, మూడు కుర్చీలు. ఆఖరున వచ్చిన మనిషి నిలబడి ప్రోగ్రాము రాయాలి. అందుచేత అంతటి సమయపాలన ఉన్న ఆఫీసు ఆ జిల్లాలో మరొకటి ఉండేది కాదు.

ప్రోగ్రాముల నడుమ మేము కొన్ని వాక్యాలు రాసుకుంటాం. కంప్యూటరు వాటిని పట్టించుకోదు. రేపు ఆ పని అందుకోబోయే మనిషి కోసం రాసే వివరణలు అవి. కామెంట్లు అంటాం. లోకంలో ఏ యజమాని అయినా ప్రోగ్రాము నడుస్తోందా అని చూస్తాడు. మా సార్ ముందు కామెంట్లు చదివేవారు. నా కామెంట్లలో డాక్టరు ఎప్పుడూ అతడు, నర్సు ఆమె, గుమాస్తా అతడు, పాస్‌వర్డు మరిచిపోయేది మాత్రం ఆమె. సార్ అక్కడ వేలు పెట్టి, ఈమెను నువ్వు చూసినావా అని అడిగేవారు. చూడలేదంటే, అట్లయితే మనిషి అని రాయి నాయనా అనేవారు. కంప్యూటరు కూడా చదవని వాక్యానికి ఇంత రాద్ధాంతమా అని ఒకరోజు ఎదురు తిరిగాను. ఆయన వక్కపలుకు బుగ్గకు తోసి తీరిగ్గా చెప్పారు.

“కామెంటనేది మనిషి లేని చోట ఆ మనిషిని గురించి చెప్పే మాటప్పా. వాళ్ళ ముందర చదవలేకపోతే దాన్ని చాడీ అంటారు.”

ఆ తరువాత గుడియాత్తం చేనేత సంఘం ఒకటి మాకు పని అప్పగించింది. ఏ మగ్గానికి ఎంత నూలు ఇవ్వాలో జాబితా తీసే ప్రోగ్రాము. నా ఛాతీ రెండు బారలు పెరిగింది. నేను గుడియాత్తం నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. మా వీధి మగ్గాల్లో నాడె ఆడే చప్పుడు వినకుండా నిద్రపోయింది లేదు. మగ్గం గురించి నాకు ఎవరు చెప్పాలి? ఎవరినీ అడగకుండానే కామెంటు దంచాను: ‘నేసేది ఇంటి మగవాడు. భార్య నూలు కండెలు చుట్టే సాయం. అతడు పోతే మగ్గం ఆగినట్టే, జాబితాలోంచి తీసేయాలి.’ ఆ వారం సార్ మోకాలి నొప్పితో ఇంట్లో ఉన్నారు. నా తరువాత ఆ పని అందుకున్న సహోద్యోగి ఆ మూడు వాక్యాలనూ వేదంలా నమ్మి, అక్షరం పొల్లుపోకుండా ప్రోగ్రాములో దింపాడు.

రెండు నెలలకు సంఘం నుంచి ఫోను వచ్చింది. చెంచమ్మ అనే ఆమె భర్త చనిపోయిన సంగతి ఎక్కించగానే ఆమె మగ్గం జాబితాలోంచి మాయమైందట. నూలు ఆగిపోయింది. సార్ నా కామెంటు చదివారు. దాన్ని ఒక కాగితం మీద అచ్చు తీయించారు. మర్నాడు నన్ను గుడియాత్తం బస్సెక్కించారు. దారి పొడవునా ఆ కాగితాన్ని పెళ్ళిపత్రికలా చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

మేము వెళ్ళేసరికి చెంచమ్మ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. సార్ మమ్మల్ని పరిచయం చేసి, కాగితం నా చేతికిచ్చి, చదువప్పా అన్నారు. నా ఇంగ్లీషు కామెంటును మా తెలుగులోకి మార్చుకుంటూ చదివాను. రెండో వాక్యానికే మగ్గం ఆగింది.

“అయితే పదైదేండ్లుగా ఈ గుంతలో కూసోనుండేది ఎవురు నాయనా?” అంది చెంచమ్మ. “ఆయప్ప బీడీకని బయటికి పోతే మళ్ళా సాయంత్రానికే వచ్చేవాడు. చీర అయిపోవాల గదా.”

కోపం లేదు. అది ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. రేపటికి అడ్డం నేసే పేక నూలు లేదని, మగ్గం ఊరికే ఉంటే సంఘంవాళ్ళు దాన్ని విప్పి వేరేవాళ్ళకు ఇచ్చేస్తారని, అప్పుడు తాను యాడికి పోవాలని ఆమె సార్‌ను అడిగింది, నన్ను కాదు. నేను అక్కడే నేలమీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాము సరిచేశాను. పైన కొత్త కామెంటు రాశాను: ‘నేసే మనిషి ఎవరో ఆ ఇంటికి వెళ్ళి అడగాలి. ఆ మనిషి ఉన్నంతకాలం మగ్గం ఉన్నట్టే.’ సార్ దాన్నీ గట్టిగా చదివించారు. చెంచమ్మ రెండోసారి కూడా చదివించుకుని, “ఇది సరిగా ఉండాది” అంది. మధ్యాహ్నానికి జాబితాలో ఆమె పేరు ఎక్కింది. నూలు మూట ఆమే నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంది.

మా ఇల్లు అక్కడికి రెండు వీధులు. సార్‌ను భోజనానికి తీసుకెళ్ళాను. ఆయన నా పరువును అన్నంలో కలుపుకుంటూ కథంతా మా అమ్మకు చెప్పారు. అమ్మ తలెత్తకుండా రసం పోస్తూ వింది.

“వీళ్ళ నాయన రొమ్ము నొప్పితో మూడేండ్లు మగ్గం గుంతలోకి దిగలేదు సార్. నేనే నేసినాను. వీడు ఇస్కూలుకు పోయినాక దిగుతా ఉంటి, వచ్చేలోపల పైకి ఎక్కేస్తా ఉంటి. బిడ్డ చూస్తే ఆయనకు నామోషీ అని.”

దేన్నయినా గోరంతను కొండంత చేసే నాకు ఆ మాటకు చేర్చడానికి ఏమీ దొరకలేదు. సార్ నావైపు చూడలేదు; గెలిచినట్టు నవ్వలేదు. మీ పేరేమమ్మా అని అడిగారు. అమ్మ తడబడింది. మా వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రాజమ్మ అని చెప్పింది. “రాజమ్మగారూ, ఇంకొంచెం రసం పోయండి” అన్నారు సార్, రెండు చేతులూ విస్తరి పైన దోసిలి పట్టి.

సార్ పోయి మూడేళ్ళయింది. నా కింద ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు, అందరికీ కుర్చీలున్నాయి. ఎవరిని గురించైనా ఒక వాక్యం రాయబోతే నా వేళ్ళు కాసేపు ఆగుతాయి. నాకు బాగా తెలిసినవాళ్ళ గురించి అయితే, ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతాయి.