గ్యాసు లేకుండానే వచ్చిన ఆమ్లం

మొన్న హిందూపురం బజారులో ఒక సోడా అంగడిలోకి గ్యాసు సిలిండరును దొర్లించుకుంటూ తీసుకుపోతుంటే, బండల మీద ఆ ఇనుము చేసిన చప్పుడుకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మన వయసువాళ్లకు ఆ చప్పుడు వింటే గోలీసోడా గుర్తుకు రావాలి; నాకు మాత్రం ఇదే ఊరి కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన రోజులూ, నా దగ్గర పరిశోధనకు చేరిన ధర్మవరం నేతగాళ్ల అమ్మాయీ గుర్తుకొచ్చారు.

మనం చిన్నప్పుడు బొగ్గుపులుసు వాయువని చదువుకున్న కార్బన్ డయాక్సైడును పనికొచ్చే ఫార్మిక్ ఆమ్లంగా మార్చాలని మా ఆశ. అందుకోసం కంటికి కనిపించనంత సన్నని రాగి కణాలు తయారుచేసి, అవి ముద్దకట్టకుండా నూలుకు గంజి పెట్టినట్టు ఒక పూత పూసేవాళ్లం. వాయువు సోడా అంగడాయన ఇచ్చేవాడు, ఇచ్చిన ప్రతిసారీ “ఏమి సార్, ఇంత మంచి గ్యాసుతో సోడా కొట్టకుండా యాసిడ్ చేస్తాండారా?” అని ఎగతాళి చేసేవాడు.

ఆమ్లం వచ్చింది. నేను పొంగిపోయి వ్యాసం రాసేశాను. దాన్ని పంపబోయే వారంలోనే ఆ అమ్మాయి వచ్చి, సిలిండరు ఎప్పుడో ఖాళీ అయిందనీ, అది చూసుకోకుండా చేసిన రెండు ప్రయోగాల్లోనూ ఆమ్లం ఎప్పుడూ వచ్చినంతే వచ్చిందనీ చెప్పింది.

“గ్యాసే లేదు సార్. మనం పూసిన పూతే చెడిపోయి యాసిడ్‌గా వస్తాండాది.”

నాకు ఆ క్షణానే అర్థమైంది. అయినా ఆ రెండు ఫలితాలూ కొట్టేయమన్నాను.

“కొట్టేస్తే నిజం కాకుండా పోతుందా సార్? అట్లయితే నా పేరు తీసేయండి” అంది.

నీకు పరిశోధన అచ్చిరాదులే అని నలుగురి ముందు అనేశాను. ఆమె పీహెచ్‌డీ సగంలో వదిలేసి వెళ్లిపోయింది. వ్యాసం నా పేరుతో అచ్చయింది, నాకు శాలువా కప్పారు.

రిటైరయ్యాక గానీ, ఆ వ్యాసం తప్పని, దాన్ని అచ్చువేసిన పత్రికకు రాసి వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు. ఆ ఉత్తరం నకలు పట్టుకుని, పెనుకొండలో ఆమె పాఠాలు చెప్పే బడికి వెళ్లాను. ఆమె నిదానంగా చదివి, “ఆ పొద్దే ఈ మాట అనింటే సాలు గదా సార్” అని, నాకు కాఫీ తెప్పించింది. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది.

ఈ రోజుల్లో పరిశోధన చేసే పిల్లలు ముందు వాయువు లేకుండా ఒకసారి చేసి చూశాకే నోరు విప్పుతారట, గురువునైనా నిలబెట్టి అడుగుతారట. వింటే సంతోషంగానే ఉంటుంది. మా కాలంలో అలా అడిగిన మనిషి నా ఎదుట ఒక్కతే నిలబడింది. ఆమెను నేనే పంపించేశాను.